గడ్డ నంబరు

18, మంగళవారం

...కాబట్టి దాన్ని అబద్ధం అనడానికి వీల్లేదు. అమ్మ "పెరిగిందా?" అని అడిగింది. నేను "పెరిగింది" అన్నాను. నిన్న 2.1, ఇవాళ 2.4. పెరిగిందా లేదా? మా లెక్కల టీచరైతే రైట్ కొట్టి పక్కన స్టార్ కూడా వేసేది.

అమ్మ నవ్వింది. శనివారం కడుపు కోసి బిడ్డను తీశాక ఇదే మొదటి నవ్వు. జ్వరానికి పెదాలు పగిలిపోయి ఉన్నాయి. నవ్వితే చిన్న రక్తపు చుక్క కనిపించింది, అయినా నవ్వింది. అంత కష్టపడి నవ్విన మనిషికి "అది పెరగకూడదమ్మా" అని ఎవరు చెప్తారు? నేనైతే చెప్పను. చెప్పలేదు.

అసలు తప్పు అమ్మమ్మది. కాదు, తప్పు తెలుగుది.

నిన్న కత్తి డాక్టరు, అంటే పసిపిల్లలకి ఆపరేషన్లు చేసే పెద్దాయన, మమ్మల్ని పిలిచి ఇంగ్లీషులో గడగడా చెప్పేశాడు. నాన్న అలవాటుగా నా వైపు చూశాడు. మా ఇంట్లో బ్యాంకు ఫారాల నుంచి మందు సీసా మీది చిన్న అక్షరాల దాకా ఇంగ్లీషంతా నా డిపార్ట్‌మెంటే. నేను చెప్పాను: "పుట్టుకతోనే పేగు మధ్యలో మూసుకుపోయి ఉందట. ఏదీ కిందికి దిగదు, అందుకే పచ్చగా కక్కుతున్నాడు. కోసి కలపాలి. కానీ ఇప్పుడే కొయ్యరు. కోస్తే రక్తం ఆగదు. రక్తం గడ్డ కట్టడం లేదు."

అమ్మమ్మకి ఎడమ చెవి వినపడదు. కుడి చెవి తనకి కావలసింది మాత్రమే వింటుంది. అంత పొడుగు మాటల్లోంచి 'గడ్డ' ఒక్కదాన్నే ఏరుకుంది. "పసిగుడ్డు కడుపులో గడ్డా" అని ఫోను పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి బాబాయి ఫోన్ చేసి నిమ్మకాయంత గడ్డట కదా అన్నాడు. సాయంత్రానికి పెద్దత్త బత్తాయిని చేసింది. ఇవాళ పొద్దున నాన్న డ్రైవింగ్ స్కూలు గుమాస్తా కొబ్బరికాయంత అని చెప్పి ఓదార్చాడు. మా తమ్ముడి మొత్తం బరువే రెండు కిలోల చిల్లర. గడ్డకే వీణ్ణి తగిలించినట్టున్నారు.

అది తిరిగి తిరిగి అమ్మ దాకా వచ్చింది. నన్ను పిలిచి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నిజం చెప్పు. గడ్డ ఉందా?"

"గడ్డ మంచిదమ్మా. కట్టాలి. అది కడితేనే ఆపరేషన్ చేస్తారు. దానికో నంబరుంటుంది."

"ఎంతుంది?"

"2.4."

"పెరిగిందా?"

అదీ సంగతి.

ఆ నంబరేమిటో నాకోసం రాసి పెట్టుకుంటున్నాను, లేకపోతే రేపటికి నేను కూడా నమ్మేసేలా ఉన్నాను. మామూలు మనిషి రక్తం గడ్డ కట్టడానికి పట్టే టైముని ఒకటి అనుకోవాలి. వీడి రక్తానికి దాదాపు రెండున్నర రెట్లు పడుతోంది. రక్తంలో ఇన్ఫెక్షన్ కూడా ఉండడం వల్లట. ఒకటిన్నర లోపుకి దిగితే తప్ప కత్తి డాక్టరు కత్తి ముట్టుకోడు. కాబట్టి తగ్గాలి. తగ్గితే మంచిది. తగ్గితేనే మంచిది.

18, సాయంత్రం

ఇది మూడో అంతస్తులో అమ్మ గదికి ఉన్న బాత్రూము. ప్రస్తుతం నా ఆఫీసు. ఇక్కడొక్క చోటే గడియ ఉంది. ఇంతింతసేపు లోపలే ఉంటున్నానని అమ్మమ్మ నాకు విరేచనాలనుకుని బ్రెడ్డు తప్ప ఏమీ పెట్టడం లేదు. కింద అంతస్తులో ఒకడికి ఎంత ఎదురుచూసినా కావడం లేదు, పైన ఒకతెకి ఆగడం లేదు అని సిస్టర్‌తో చెప్పుకుంది. సిస్టర్ నాకు టాబ్లెట్ ఇచ్చింది. జేబులో ఉంది.

పసిపిల్లల వార్డుకి ఒక్కరికే పాసు. నాన్న మొదటిరోజు ఆ ట్యూబులు చూసి అక్కడే పడిపోయాడు. ఇప్పుడు లిఫ్టు దగ్గర నిలబడి, ఎవరైనా డాక్టరు కనిపిస్తే చాలు, కుడికాలితో నేలని నొక్కుతాడు. పదిహేనేళ్ళుగా డ్రైవింగ్ నేర్పిస్తున్న కాలు, భయమేస్తే బ్రేకు దానంతటదే పడుతుంది. అమ్మమ్మ సంగతి రాశాను. అమ్మకి జ్వరం, రానివ్వరు. కాబట్టి పాసు నా మెడలో వేలాడుతోంది.

స్కూల్లో ఎవరికీ తెలియదు. మీ అమ్మ లావవుతోందేమిటే అని అడిగితే థైరాయిడ్ అన్నాను. తొమ్మిది నెలలూ థైరాయిడ్‌తోనే నెట్టుకొచ్చాను. ఈ నోటుబుక్ తెలుగులో రాసేదీ అందుకే, మా గ్యాంగ్‌లో ఎవ్వరికీ తెలుగు చదవడం రాదు. ఒత్తులూ దీర్ఘాలూ నా ఇష్టం.

వాడికి నేను పెట్టిన పేరు వాటాదారు. నా గదిలో సగం అడక్కుండా రాయించుకున్నాడు కాబట్టి.

రెండో తేదీ పేజీ తెరవను. ఏం రాశానో నాకు తెలుసు. "వీడు రాకపోతె బాగుండు" అని రాశాను. నా బల్ల వరండాలోకి మార్చిన రోజది. దానికీ దీనికీ సంబంధం లేదు. పెన్నుతో రాస్తే పేగులు మూసుకుపోతాయని బయాలజీ పుస్తకంలో ఎక్కడా లేదు. మొన్న మొత్తం వెతికాను.

19, బుధవారం

వాడి రక్తం గడ్డ కట్టడానికి ప్లాస్మా ఎక్కించారు. లేత పసుపుగా, చల్లారిపోయిన టీలా ఉంది. కె విటమిన్ ఇంజెక్షన్ మళ్ళీ ఇచ్చారు. వాడి తొడ నా బొటనవేలంత లావుంది. ముక్కులోంచి పొట్టలోకి వేసిన ట్యూబులో పచ్చటి నీళ్ళు దిగుతున్నాయి. పొట్ట డప్పులా బిగుసుకుని మెరుస్తోంది. నేను పిలిస్తే ఒక కన్ను తెరిచి, నచ్చక మూసేశాడు.

నంబరు 1.9. తగ్గింది.

మెట్లెక్కేటప్పుడు అంతా సిద్ధం చేసుకున్నాను. "అమ్మా, నిన్న నేను సరిగ్గా చెప్పలేదు" అని మొదలుపెట్టాలి. మూడో అంతస్తు వచ్చింది. అమ్మ దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది, రెండు ముద్దల అన్నం తిందట, నంబరు పెరిగిందన్న సంతోషానికి. ముడిలో పెన్సిల్ కూడా పెట్టుకుంది. అమ్మ ప్రింటింగ్ ప్రెస్‌లో ప్రూఫులు దిద్దుతుంది. ముడిలో పెన్సిల్ ఉందంటే మనిషి మనిషిలో ఉన్నట్టు.

"ఇవాళెంత?"

"2.6."

ఇది మాత్రం అబద్ధమే. ఒప్పుకుంటున్నాను. చిన్న సైజుది.

పక్క మంచం ఆవిడ పాపకి రక్తకణాలు పెరిగాయట, వాళ్ళూ సంతోషంగా ఉన్నారు. "మాకూ పెరుగుతోందండీ" అంది అమ్మ. వాళ్ళవి నిజంగానే పెరగాలి. మనవి తగ్గాలి. ఒకే వార్డులో ఒకరికి పెరిగితే మంచిది, ఒకరికి తగ్గితే మంచిది. దీన్ని కనిపెట్టినవాడెవడో నాలాంటి వాడే అయ్యుంటాడు.

కింద ఇద్దరు చిన్న డాక్టర్లు మాట్లాడుకుంటుంటే విన్నాను. పేగు మూసుకుపోయిన పిల్లల్లో ఈ నంబరు బాగా ఎక్కువున్నవాళ్ళు బతకడం తక్కువట. ఒకతను నన్ను చూసి ఆపేశాడు. ఎప్పుడూ ఆవులిస్తుంటాడు, ఆవులింతల డాక్టరు.

"తక్కువంటే ఎంత తక్కువ?" అని అడిగాను.

ఆవులించబోయి ఆపుకున్నాడు. "ఆ లెక్క పుస్తకంలోదమ్మా. మీ తమ్ముడు ఇంకా పుస్తకాలు చదవట్లేదుగా."

మంచివాడే. కానీ జవాబు చెప్పలేదు. జవాబు చెప్పకుండా తప్పించుకోవడం ఎలాగో నాకు బాగా తెలుసు, కాబట్టి నాకు తెలిసిపోయింది.

20, గురువారం

1.6.

అమ్మకి 2.9.

20, మధ్యాహ్నం

అమ్మమ్మ ఊరందరికీ మళ్ళీ ఫోన్లు చేసింది. "గడ్డ పెరుగుతోంది, ఇంక భయం లేదు" అని. బాబాయి ఏమీ అర్థంకాక "అలాగేనండీ, ఇంకా పెరగాలి" అన్నాడట.

రేపు చెప్పేస్తాను.

20, సాయంత్రం

లేదా ఎల్లుండి. నంబరు ఎలాగూ దిగుతోంది. ఒకటిన్నరకి వచ్చేస్తుంది, కోస్తారు, కలుపుతారు, వాడు ఇంటికొస్తాడు, నా గదిలో ఏడుస్తాడు, అప్పుడు ఈ నంబర్లు ఎవడికి కావాలి? ఎవరూ అడగని అబద్ధం అబద్ధమే కాదు. చాలా తెలివైనదాన్ని.

21, శుక్రవారం, సాయంత్రం

ఇవి విడి కాగితాలు. సిస్టర్ బల్ల మీంచి తెచ్చుకున్నాను. నోటుబుక్ అమ్మ దగ్గరుంది. మొదటి నుంచి రాస్తాను.

పొద్దున పదికి రిపోర్టు వచ్చింది. 1.3. సిస్టర్ నా వీపు తట్టింది. నేను మెట్లెక్కుతూ ఏం ఆలోచిస్తున్నానంటే, అమ్మకి 3.1 చెప్పాలా, 3.2 చెప్పాలా అని. అంత తెలివైనదాన్ని. నేను పైకి చేరేసరికే కత్తి డాక్టరు లిఫ్టులో వచ్చేసి అమ్మ మంచం పక్కన నిలబడి ఉన్నాడు.

ఆయనకి కాస్త తెలుగు వచ్చు. ఆ కాస్తా ఇవాళే బయటికి తీయాలా?

"మంచి వార్త అమ్మా. నంబర్ తగ్గింది. వన్ పాయింట్ త్రీ. ఈ రోజే ఆపరేషన్."

అమ్మ మొహంలో రక్తం ఎటు పోయిందో పోయింది. "తగ్గిందా? నిన్న 2.9 కదండీ."

"టూ పాయింట్ నైన్ ఎవరు చెప్పారు?"

అందరూ నావైపు తిరిగారు. అమ్మమ్మ కూడా, ఆవిడకి ఒక్క ముక్క వినపడకపోయినా.

"అది వేరే నంబరు సార్" అన్నాను. ఏ నంబరో నాకూ తెలియదు.

"సగానికి సగం పడిపోయాక ఇప్పుడు కోస్తారా?" అంది అమ్మ. గొంతు పెంచలేదు. "పోయేవాణ్ణి కోయడమెందుకండీ? వద్దు. వాణ్ణి తెచ్చి నా పక్కన పడుకోబెట్టండి. చాలు."

"తగ్గితేనే మంచిదమ్మా."

"మూడు రోజులూ పెరిగితే మంచిదన్నారు. ఇవాళ మీకు థియేటర్ ఖాళీ అయ్యేసరికి తగ్గితే మంచిదైపోయిందా?"

నాన్న ఆపరేషన్ కాగితం మీద సంతకానికి పెన్ను తీశాడు. "మీరు సంతకం పెడితే నేను ఈ కుట్లతోనే మంచం దిగి నడిచి వెళ్ళిపోతాను" అంది అమ్మ. నాన్న కాలు బ్రేకు మీద పడింది. పెన్ను జేబులోకి వెళ్ళిపోయింది.

కత్తి డాక్టరు నన్ను గుమ్మం బయటికి పిలిచి, ఇంగ్లీషులో ఒక్కో ముక్కా విడదీసి చెప్పాడు. ప్లాస్మా పనిచేసేది కొన్ని గంటలే. తర్వాత నంబరు మళ్ళీ పైకి పోవచ్చు. పేగు ఉబ్బిపోయి ఉంది, ఇంకో రోజు ఆగేలా లేదు. రెండింటికి థియేటర్, పన్నెండుకల్లా సంతకం. "తల్లి వద్దంటుంటే నేను కత్తి పట్టను. మీ అమ్మకి నువ్వే చెప్పు. ఇన్నాళ్ళూ నువ్వేగా చెప్తున్నావు."

కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు.

అప్పుడు పదిన్నర.

వెళ్ళి చెప్పాను. అమ్మమ్మ ముందూ నాన్న ముందూ చెప్పాను. "నేను తిరగేసి చెప్పానమ్మా. అది తగ్గాలి. నువ్వు నవ్వావని మార్చి చెప్పాను. 2.6 లేదు, 2.9 లేదు. 1.9, 1.6, ఇవాళ 1.3. ఇది నిజం."

అమ్మ అడిగింది: "డాక్టరు ఇలా చెప్పమన్నాడా?"

"కాదమ్మా."

"నిన్న 2.9 అన్నప్పుడు కూడా ఇదే మొహం పెట్టావు. ఇంతే ధీమాగా చెప్పావు. నీ ఏ మొహాన్ని నమ్మమంటావే?"

నాకు ఒక్కటే మొహం ఉందని ఇవాళే తెలిసింది.

రిపోర్టు కాగితాలు తెచ్చి మంచం మీద వరసగా పరిచాను. అమ్మ చూడనైనా చూడలేదు. "ఇవి వాళ్ళు అచ్చేసినవి. అచ్చులో ఏదైనా వస్తుంది. రోజూ చూస్తాను నేను." కళ్ళు మూసుకుంది. తర్వాత, నాతో కాదు, అలవాటుగా ప్రెస్‌లో వాళ్ళతో అన్నట్టు అంది: "రాతప్రతి ఏదీ? రాతప్రతి చూడకుండా నేను దేనికీ ఓకే కొట్టను."

రాతప్రతి నా నడుము దగ్గర, చొక్కా కింద ఉంది.

బాత్రూముకి వెళ్ళాను. గడియ పెట్టాను. రెండో తేదీ పేజీ ఒక్కటీ చింపేస్తే చాలు, మిగతాదంతా ఇచ్చేయొచ్చు. చింపడం మొదలుపెట్టాను కూడా. ఇది మధ్యలో కుట్టు వేసిన పుస్తకం. రెండో తేదీ కాగితం ఇటు లాగితే అటు వైపు ఇంకో కాగితం కదిలింది. తిప్పి చూశాను. అది పద్దెనిమిదో తేదీ. "తగ్గాలి. తగ్గితే మంచిది. తగ్గితేనే మంచిది." రెండూ ఒకే కాగితం. ఒకటి చింపితే రెండోది రాలిపోతుంది. వాడికి కావలసిన పేజీకి నేను దాచుకున్న పేజీ అతుక్కుని ఉంది.

అమ్మమ్మ బయట ఎవరితోనో అంటోంది, "ఇవాళ మరీ ఎక్కువగా ఉన్నట్టుంది పాపం."

కమోడ్ మూత మీద కూర్చుని రెండు నిమిషాలు ఏడ్చాను. ఎక్కువ ఏడవలేదు. టైము లేదు.

ఇచ్చేశాను. "పద్దెనిమిది నుంచి చదువమ్మా. ముందువి చదవకు" అన్నాను. ప్రూఫులు దిద్దే మనిషితో ముందువి చదవకు అనడం. మొదటి పేజీ తిప్పింది. ముడిలోంచి పెన్సిల్ తీసింది.

పెన్సిల్ ఆగుతూ ఆగుతూ నడుస్తోంది. తప్పులు దిద్దుతోంది. ఇటు కొడుకు ప్రాణం, అటు నా ఒత్తులు. ఒక్కటీ వదల్లేదు. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. రెండో తేదీ దగ్గర పెన్సిల్ చప్పుడు ఆగింది. కింద ఎవరో స్కూటర్ స్టార్ట్ కావడం లేదని కిక్కు కొడుతున్నారు. పదకొండు కిక్కులు లెక్కపెట్టాను. తర్వాత పేజీ తిరిగిన చప్పుడైంది.

అమ్మ మాట్లాడేసరికి పన్నెండుకి ఇరవై నిమిషాలుంది.

"వాటాదారెవరు?"

వేలితో కింద అంతస్తు వైపు చూపించాను.

"ఒకటి అంటే మామూలు రక్తం. అంతేనా?"

"అంతే."

"ఇవాళ వీడిది ఒకటీ పాయింట్ మూడు."

"అవును."

"ఏవండీ, ఆ కాగితం ఇలా ఇవ్వండి. మన వాటాదారుని లోపలికి పంపిద్దాం." పెన్సిల్‌తో సంతకం పెట్టేసింది. సిస్టర్ "పెన్నుతో అమ్మా" అంటే పైన మళ్ళీ పెన్నుతో దిద్దింది. అమ్మమ్మ నన్ను మోచేత్తో పొడిచి "వాటాదారెవరే? ఏ వాటా?" అని అడుగుతూనే ఉంది.

అమ్మ నోటుబుక్ తిరిగి ఇవ్వలేదు. దిండు కింద పెట్టుకుంది.

రెండూ పదికి లోపలికి తీసుకెళ్ళారు. ఐదూ పావుకి కత్తి డాక్టరు బయటికొచ్చాడు. మూసుకుపోయిన ముక్క, నా చూపుడు వేలంత, తీసేసి రెండు కొసలూ కలిపి కుట్టాడట. "రక్తం బాగానే గడ్డ కట్టింది" అన్నాడు తెలుగులో, కష్టపడి. అమ్మమ్మ చేతులు జోడించి "మొత్తం తీసేశారా బాబూ?" అంది.

ఎవరూ సరిదిద్దలేదు.

22, శనివారం

వాడు ఊపిరి మిషన్ మీద ఉన్నాడు. అది మామూలేనట.

అమ్మ నాతో మామూలుగానే మాట్లాడుతోంది. మంచినీళ్ళివ్వు, ఫ్యాను తగ్గించు, దువ్వెన ఏదీ. అదే భయంగా ఉంది.

24, సోమవారం

అమ్మకి జ్వరం పోయింది. చక్రాల కుర్చీలో తనే కిందికి వెళ్ళొస్తోంది. నా ఉద్యోగం పోయింది. పాసు కూడా పోయింది. కొత్త ఉద్యోగం ఏమిటంటే, రోజూ రిపోర్టు మొత్తం అమ్మకి చదివి వినిపించడం. ప్రతి వరస పక్కనా ఇది పెరగాలా తగ్గాలా అని బాణం గుర్తు వేయాలి. నేను వేసిన బాణాలు పట్టుకెళ్ళి ఆవులింతల డాక్టరుతో సరిచూపిస్తుంది. అతను నిన్న నన్ను చూసి "నీ పేపర్ దిద్దుతున్నానమ్మా, బాగా రాస్తున్నావు" అన్నాడు. నవ్వుదామనుకున్నాను. అమ్మ పక్కనే ఉంది.

ఊపిరి మిషన్ తీసేశారు. వాడు ఏడ్చాడట. నేను వినలేదు. పాసు లేదు కదా.

25, మంగళవారం

ఇంకా కాలేదు.

26, బుధవారం

కాలేదు. ట్యూబులో ఇంకా పచ్చగానే వస్తోంది. కుట్టు పట్టిందా, దారి తెరుచుకుందా అన్నది వాడికి విరేచనం అయితేనే తెలుస్తుందట. అయితే పాలు మొదలు. కాకపోతే మళ్ళీ కోయాలి. మళ్ళీ కోస్తే ఏమిటన్నది కత్తి డాక్టరు చెప్పలేదు. నాన్న అడగలేదు. నేనూ అడగలేదు, మొదటిసారి.

ఇరవై నాలుగు గంటలూ ఇదే మా ఇంటి సంగతి. నాన్న డ్రైవింగ్ స్కూలు నుంచి ఫోన్ చేసి హలో కూడా అనడు, "అయిందా?" అంటాడు. బాబాయి "అయిందా?" పెద్దత్త "అయిందా?" ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళందరూ పనులు మానుకుని ఒక పసివాడి డైపర్ కోసం కూర్చున్నారు. ఇంకొకరి విషయంలో అయితే నేను పడీపడీ నవ్వేదాన్ని. కొంచెం నవ్వాను కూడా, బాత్రూములో, నోట్లో టవలు పెట్టుకుని. తర్వాత అది నవ్వులా లేదు.

27, గురువారం

ఇవాళ పొద్దున నోటుబుక్ నా దిండు కింద ఉంది. ఎప్పుడు పెట్టిందో తెలియదు. ఇక్కడికి తెచ్చి గడియ పెట్టి తెరిచాను. దాంట్లో మాత్రం ఇంక రాయను, ఇలా విడి కాగితాలే మేలు. చదివిన మనిషి ఉన్నాక అది డైరీ ఎలా అవుతుంది.

నలభై ఏడు తప్పులు. అన్నీ దిద్దింది. 'థైరాయిడ్' పక్కన ఒక ప్రశ్నార్థకం. 'చాలా తెలివైనదాన్ని' కింద ఒక గీత, ఎందుకో తెలియదు, అందులో తప్పేమీ లేదు.

రెండో తేదీ పేజీ చివరికి చూద్దామనుకున్నాను. మొదటే చూశాను. కొట్టేసి ఉంటుందనుకున్నాను. ప్రూఫుల్లో వాక్యం మొత్తం తీసేయాలంటే అమ్మ పెట్టే గుర్తు నాకు తెలుసు, తోక మెలితిరిగిన గీత. ఆ గుర్తు లేదు. 'రాకపోతె' దగ్గర 'తె'ని 'తే' చేసింది. అంతే. వాక్యం ఉన్నదున్నట్టు వదిలేసింది. తప్పులే దిద్దాలి గాని రాసినవాళ్ళ మాట మార్చకూడదు అంటుంది ఎప్పుడూ, ప్రెస్‌లో కొత్తవాళ్ళతో.

కానీ ఆ పేజీ మూలలో, నేను చింపబోయిన చోట, లోపలి వైపు సన్నగా గమ్ టేప్ అతికించి ఉంది. ముడత పడకుండా, గోటితో నొక్కి. కుట్లు ఉన్న కడుపుతో ఆ టేపు ఎక్కడ సంపాదించిందో, ఎవర్ని అడిగిందో

తలుపు కొడుతున్నారు.

అమ్మమ్మ. "పిల్లా" అంటోంది. "అయిందే" అంటోంది.

అయింది అందా, అయిపోయింది అందా? ఈ భాషలో రెండక్షరాల తేడాకి కూడా

"ఏమయింది అమ్మమ్మా?"

"నీ మొహం, ఏమవుతుంది? పసుప్పచ్చగా, చెంచాడు. రెండుసార్లు. మీ అమ్మ నిన్ను పిలుచుకు రమ్మంది, పాసు పట్టుకుని కింద నిలబడింది. నీది ఇంకా అవలేదటే?"

వస్తున్నా. ఈ కాగితాలు ఎక్కడ పెట్టాలి, బకెట్ కింద తడుస్తాయి, చొక్కాలో